గిటార్ సాధనలో మన పాఠం మనమే అప్పజెప్పుకోవడం

కర్ణాటక సంగీతం నేర్పే ఇళ్లలో పాఠం కొత్త విషయంతో మొదలు కాదు. శ్రుతి పెట్టుకుని కూర్చోగానే గురువుగారు ముందు అడిగేది క్రితం పాఠాన్నే. సరళీ వరుస అయితే మూడు కాలాల్లోనూ (ఒకదానికొకటి రెట్టింపు వేగాలు), గీతం అయితే సాహిత్యంతో సహా అప్పజెప్పవలసిందే. ఎక్కడైనా తడబడితే ఆ రోజుకు కొత్త పాఠం ఉండదు, పాతదాన్నే మళ్లీ పాడుకుని ఇంటికి రావాలి. చిన్నప్పుడు అది శిక్షలాగే అనిపించేది గాని, విద్యార్థికి ఎంతవరకు వచ్చిందో గురువుకూ విద్యార్థికీ ఒకేసారి తెలిసిపోయే పద్ధతి అంతకన్నా సులువైనది నేనింకా చూడలేదు. వీడియోలు చూసి, ఫోన్‌లో యాప్ పెట్టుకుని, ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిపూట గిటార్ నేర్చుకునే పెద్దవాళ్లకు దొరకనిది సరిగ్గా ఇదే. పాఠాలు కావలసినన్ని ఉన్నాయి, అప్పజెప్పించుకునేవారే లేరు.

నేను ముప్పై ఆరో ఏట గిటార్ పట్టాను. మొదటి ఏడాది వారానికి ఒకసారి ఒక చిన్న క్లాసుకు వెళ్లేవాణ్ణి. అక్కడ వచ్చినప్పుడల్లా ఒక కొత్త పాట మొదలయ్యేది, పాత పాట ఏమైందని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి ఇరవై పాటల పల్లవులు అరకొరగా వచ్చేవి, మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా వాయించగలిగిన పాట ఒక్కటీ లేదు. ఎంతవరకు వచ్చిందని ఎవరైనా అడిగితే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉందనేవాణ్ణి. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి నా దగ్గర ఆధారమంటూ ఏదీ లేదు. ఆ ఆధారాన్ని రోజూ కొంచెం కొంచెంగా ఎలా కూడబెట్టాలో, కూడబెట్టినదాన్ని ఎలా చదువుకోవాలో ఇక్కడ చెబుతాను. ఇందుకు కావలసినవి ఒక నోటుపుస్తకం, ఒక ఫోను, తీగల శ్రుతి చూపే ఒక ట్యూనర్, నిర్ణీత వేగంలో దెబ్బలు వేసే ఒక మెట్రోనోమ్. చివరి రెండూ యాప్‌లుగా ఉచితంగానే దొరుకుతాయి.

కొలవవలసింది ఏ ప్రయత్నాన్ని?

రాత్రి అరగంట సేపు సి కార్డ్ (కార్డ్ అంటే కలిపి మోగించే కొన్ని స్వరాల గుంపు) నుంచి జికి, జి నుంచి సికి మారుతూ కూర్చుంటే చివరి అయిదు నిమిషాల్లో వేళ్లు వాటంతటవే కదులుతున్నట్టు ఉంటుంది. మనం సంతోషంగా గిటార్‌ను గోడకు తగిలించి పడుకుంటాం. మర్నాడు మళ్లీ పట్టుకోగానే వేళ్లు కొయ్యముక్కల్లాగా ఉంటాయి, నిన్న వచ్చింది ఇవాళ పోయిందని దిగులు పడతాం. నిజానికి ఏదీ పోలేదు. నిన్న రాత్రి చివర్లో వాయించింది వేడెక్కిన చేయి, అప్పుడే నూరిసార్లు చేసిన పని తాలూకు ఊపు. అందులో మనకు మిగిలినదెంతో మర్నాటి మొదటి ప్రయత్నమే చెబుతుంది. కాబట్టి నోటుపుస్తకంలోకి ఎక్కవలసింది రోజులో మొట్టమొదటిసారి, ఏ తయారీ లేకుండా వాయించినది మాత్రమే. మిగతా సాధన ఎంత బాగా సాగినా దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఈ ఒక్క నియమాన్ని పాటిస్తే ఈ వ్యాసంలో సగం చదివినట్టే.

సాధన చేస్తున్నప్పుడు కనిపించే నేర్పుకూ, తరువాత మిగిలే నేర్పుకూ తేడా ఉంటుందని ప్రయోగాల్లో కూడా తేలింది. 1979లో షే, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు చేత్తో చిన్న అడ్డుపలకలను ఒక వరుసలో పడగొట్టే పనులు మూడింటిని రెండు గుంపుల వారికి నేర్పారు. ఒక గుంపు ఒక్కో పనినీ పూర్తిగా సాధన చేసి మరొకదానికి వెళ్లింది, రెండో గుంపు మూడింటినీ కలగలిపి చేసింది. సాధన సమయంలో మొదటి గుంపే చురుగ్గా ఉంది. పది రోజుల తరువాత మళ్లీ చేయించి చూస్తే రెండో గుంపు ముందుంది. మన విషయానికి వస్తే, సాధన సాఫీగా జరిగిన రోజే ఎక్కువ నేర్చుకున్న రోజు కానక్కరలేదు, కుంటుతూ సాగిన రోజు వృథా కానక్కరలేదు.

దీనికి తిరగబడిన అనుభవం కూడా అప్పుడప్పుడు ఎదురవుతుంది: రాత్రి ఎంతకీ లొంగనిది పొద్దున్నే ఇట్టే వచ్చేస్తుంది. కుడిచేతి వాటం ఉన్నవారికి ఎడమచేతి వేళ్లతో ఒక అంకెల వరుసను వేగంగా నొక్కడం నేర్పిన ఒక అమెరికా ప్రయోగంలో, రాత్రి నిద్ర తరువాత ఏ అదనపు సాధనా లేకుండానే వేగం సుమారు 20 శాతం పెరిగిందని 2002లో ప్రచురించారు. గిటార్ తీగలను నొక్కేదీ ఎడమచెయ్యే గనుక నాకు ఆ ప్రయోగం మీద కొంచెం మమకారం ఉంది. అయితే నిద్ర చేసిన మేలును కూడా మర్నాటి మొదటి ప్రయత్నమే చూపించగలదు, అలసిన రాత్రి చూపించలేదు.

అప్పజెప్పే పాఠాన్ని ఎంచుకోవడం

అప్పజెప్పే పాఠం చిన్నదిగా ఉండాలి, మూడు నెలల పాటు మారకూడదు. రోజుకొక కొత్త పాట రికార్డు చేసుకుంటే వాటిని ఒకదానితో ఒకటి పోల్చడానికి వీలుండదు. మామిడికాయనూ వంకాయనూ ఒకే తూకంలో వేసి ఏది బాగా పండిందని అడిగినట్టు అవుతుంది. నేను మూడు అంశాలు పెట్టుకున్నాను, మూడూ కలిపి అయిదు నిమిషాలు దాటవు.

మొదటిది ఒక నిమిషంలో కార్డ్ మార్పులు. మీకు కష్టంగా ఉన్న ఒక జతను ఎంచుకుని, నిమిషానికి గడియారం పెట్టి, ఎన్నిసార్లు మారగలిగారో లెక్కపెట్టాలి. రెండోది ఒక పాటలో పదహారు బార్లు (తాళంలో ఒక్కో ఆవర్తం లాంటి ముక్కలు), ఎప్పుడూ ఒకే వేగంలో. వేగాన్ని పెంచాలన్న ఉబలాటం అందరికీ ఉంటుంది, కానీ ఈ అయిదు నిమిషాల్లో పెంచకూడదు. తరువాతి సాధనలో ఎంతైనా పెంచుకోవచ్చు. మూడోది కార్డ్‌లు లేని ఒంటరి స్వరాల వరుస, ఇక్కడ నేను చిన్ననాటి సరళీ వరుసనే వాడుకున్నాను, తెలుగువారిలో ఇది చాలామందికి పనికివస్తుందని నా నమ్మకం.

సరళీ వరుసల రాగమైన మాయామాళవగౌళ స్వరాలు గిటార్ మొదటి నాలుగు ఫ్రెట్లలోనే (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల మధ్య గదులు) హాయిగా ఇముడుతాయి. తీగలను అన్నిటికన్నా సన్నని తీగ నుంచి ఒకటి, రెండు అని లెక్కపెడతారు. అయిదో తీగ మూడో ఫ్రెట్ మీద షడ్జం పెట్టుకుంటే, అదే తీగ నాలుగో ఫ్రెట్ రిషభం, నాలుగో తీగ రెండో ఫ్రెట్ గాంధారం, మూడో ఫ్రెట్ మధ్యమం అవుతాయి. పంచమానికి మూడో తీగను ఏమీ నొక్కకుండా మీటితే చాలు. దాని మొదటి ఫ్రెట్ ధైవతం, రెండో తీగ ఊరికే మీటితే నిషాదం, దాని మొదటి ఫ్రెట్ పై షడ్జం. మెట్రోనోమ్‌ను నిమిషానికి 40 దెబ్బల మీద పెట్టి మొదటి వరుస ఆరోహణ, అవరోహణలను ఒక దెబ్బకు ఒక స్వరం చొప్పున వాయిస్తే పదహారు స్వరాలకు 24 సెకన్లు పడుతుంది, రెండో కాలంలో 12, మూడో కాలంలో 6. మెట్రోనోమ్‌ను ముట్టుకోకుండానే మూడు వేగాలు మన చేతికి వస్తాయి, పైగా చెవిలో ఎప్పటినుంచో ఉన్న స్వరాలు కాబట్టి తప్పు పడగానే తెలిసిపోతుంది. మొదటి రెండు కాలాల్లో బుద్ధిగా ఉన్న వేళ్లు మూడో కాలంలో తమ లోపాన్ని బయటపెడతాయి. నా విషయంలో అది ఎప్పుడూ అవరోహణలోనే, స–ని–ద దగ్గర జరిగేది, ఎందుకంటే అక్కడ చూపుడు వేలు రెండో తీగను వదిలి వెంటనే మూడో తీగ మీదికి దూకాలి. సరళీ వరుసలు రాని వారు సి మేజర్ స్కేల్‌ను ఇలాగే మూడు కాలాల్లో వాయించుకోవచ్చు.

పోలిక చెడకుండా చూసుకోవడం

నిన్నటిదాన్నీ ఇవాళ్టిదాన్నీ పోల్చాలంటే చేతులు తప్ప మిగతావన్నీ ఒకేలా ఉండాలి. అదే గిటార్, అదే కుర్చీ, కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే క్లిప్పు) వాడితే అదే ఫ్రెట్, అన్నిటికన్నా ముందు ట్యూనింగ్. శ్రుతి తప్పిన గిటార్ మీద సరిగ్గా నొక్కిన కార్డ్ కూడా తప్పుగానే వినిపిస్తుంది గనుక, ట్యూనర్ చూసుకున్నాకే మొదటి ప్రయత్నం మొదలుపెట్టాలి. చెయ్యి వేడెక్కించుకోవడానికి చేసే కసరత్తులు మాత్రం అప్పజెప్పడం పూర్తయ్యాకే.

తీగల వయసు సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక ఆదివారం రికార్డింగు విని నేను పొంగిపోయాను. వారం క్రితం మందంగా, బూడిద పూసినట్టు వినిపించిన స్ట్రమ్మింగ్ (తీగలన్నిటినీ కలిపి మీటడం) గలగలమంటోంది. నాలుగు రోజులు గొప్పగా గడిచాయి. తరువాత గుర్తొచ్చింది, ఆ శనివారమే నేను కొత్త తీగలు వేశాను. అప్పటినుంచి ప్రతి పేజీ పైనా తీగలు వేసి ఎన్ని రోజులైందో రాస్తున్నాను. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఉక్కు తీగలు త్వరగా తుప్పు పడతాయి, వేళ్ల చెమట ఎక్కువగా ఉన్నవారికి ఎక్కడైనా అంతే. వాయించాక పొడి గుడ్డతో తుడవడం వల్ల తీగలూ మన్నుతాయి, పోలికా నిలుస్తుంది.

ఫోన్‌ను మీకు సుమారు ఒక మీటరు దూరంలో, గిటార్‌కు ఎదురుగా, ప్రతిసారీ ఒకే చోట పెట్టండి. గిటార్ ఆనుకున్న బల్ల మీద పెడితే అదురు కూడా రికార్డులోకి వస్తుంది. వీడియో అవసరం లేదు, శబ్దం చాలు. వీడియో తీస్తే మొదటి వారమంతా ముఖం ఎలా ఉందో చూసుకోవడంతోనే సరిపోతుంది, నాకైతే అదే జరిగింది.

మర్నాడు మూడుసార్లు వినడం

వాయించిన వెంటనే వినకూడదు. అప్పుడు మన చెవిలో మనం వాయించాలనుకున్నది ఇంకా మోగుతూ ఉంటుంది, వాయించినది దాని చాటున ఉండిపోతుంది. ఒక రోజు ఆగి, మర్నాడు బస్సులోనో మెట్రోలోనో వినడం మేలు. రెండు నిమిషాల రికార్డింగును మూడుసార్లు వినాలి, ఒక్కోసారి ఒక్కదాని కోసమే.

మొదటిసారి లయ కోసం. తొడ మీద తాళం వేస్తూ వింటే, కార్డ్ మారే ప్రతిచోటా కుడిచెయ్యి ఎడమచేతి కోసం ఎదురుచూస్తోందా లేదా అన్నది స్పష్టమవుతుంది. కొత్తవారిలో దాదాపు అందరికీ ఇదే జబ్బు, వాయించేటప్పుడు మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే అప్పుడు దృష్టంతా ఎడమచేతి వేళ్ల మీద ఉంటుంది. రెండోసారి నాదం కోసం: ఏ తీగ జుయ్యిమంటోంది, ఏ తీగ అసలు మోగలేదు. మూడోసారి ఎక్కడ ఆగిపోయామో, ఆగాక ఏం చేశామో వినాలి. తప్పు పడగానే వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టడం ఒక అలవాటుగా మారుతుంది, దాన్ని వదిలించుకోవడం తప్పును దిద్దుకోవడం కన్నా కష్టం.

వినడం పూర్తయ్యాక నోటుపుస్తకంలో నాలుగైదు వాక్యాలు. నా పుస్తకంలోని ఒక పేజీని ఉన్నదున్నట్టు ఇక్కడ దించుతున్నాను:

“మార్చి 9. తీగలు వేసి 19 రోజులు. సి–జి మార్పులు 22, వాటిలో శుభ్రంగా మోగినవి 15. చెడినవన్నీ జిలోనే, ఒకటో తీగ మోగలేదు, చిటికెన వేలు ఆలస్యంగా దిగుతోంది. పాట 66 వేగంలో, పదకొండో బార్ దగ్గర ఆగాను. మూడో కాలం అవరోహణలో స–ని–ద తడబాటు. రేపు మొదట చిటికెన వేలు ఒక్కటే చూడాలి.”

ఇందులో సంతోషమూ విచారమూ లేవని గమనించండి. అంతకుముందు నెలలో పేజీలన్నీ “ఇవాళ బాగా వచ్చింది”, “ఇవాళ ఏమీ రాలేదు” అన్న మాటలతో నిండి ఉన్నాయి. వాటిని ఇప్పుడు చదివితే ఆ రోజు నా మనసు ఎలా ఉందో తెలుస్తోంది గాని గిటార్ ఎలా వాయించానో తెలియడం లేదు. రాసే ప్రతి ఫిర్యాదులోనూ ఒక తీగ, ఒక వేలు, ఒక ఫ్రెట్, లేదా ఒక బార్ సంఖ్య ఉండితీరాలన్నది నేను పెట్టుకున్న షరతు.

22, 15 అని రెండు అంకెలు ఎందుకున్నాయో కూడా చెప్పాలి. మొదట్లో నేను మార్పులన్నిటినీ లెక్కపెట్టేవాణ్ణి, మూడు వారాల్లో 14 నుంచి 30కి ఎగబాకాను. రికార్డింగు విన్నప్పుడు అర్థమైంది, ఆ ముప్పైలో సగం కార్డ్‌లు కావు, చప్పుళ్లు. లెక్క పెరగాలన్న ఆశతో వేళ్లను తీగల మీద పడేసి పరుగెత్తుతున్నాను. ఆ తరువాత నియమం మార్చాను: కార్డ్ పట్టాక ఒక్కసారి మీటాలి, అన్ని తీగలూ మోగితేనే శుభ్రమైన మార్పు. లెక్క 12కి పడిపోయింది. పడిపోవడమే ఆ నెలలో నేను సాధించిన ప్రగతి అని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఆ పేజీ నుంచి పుట్టిన మార్పును కూడా దగ్గరగా చూపిస్తాను. సి కార్డ్‌లో ఉంగరపు వేలు అయిదో తీగ మూడో ఫ్రెట్ మీద, మధ్య వేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్ మీద, చూపుడు వేలు రెండో తీగ మొదటి ఫ్రెట్ మీద ఉంటాయి. నేను జికి వెళ్లేటప్పుడు మూడు వేళ్లనూ గాలిలోకి లేపి, విడివిడిగా ఒక్కొక్కటీ దింపేవాణ్ణి. జిని ఉంగరపు వేలితో ఆరో తీగ మూడో ఫ్రెట్, మధ్య వేలితో అయిదో తీగ రెండో ఫ్రెట్, చిటికెన వేలితో ఒకటో తీగ మూడో ఫ్రెట్ నొక్కే పద్ధతిలో పట్టుకుంటే, ఉంగరపు వేలూ మధ్య వేలూ తమ అమరిక మార్చుకోకుండా జంటగా ఒక్కో తీగ పైకి జరిగితే చాలు. ఫ్రెట్లు కూడా అవే. ఇక కొత్తగా పని ఉన్నది చిటికెన వేలికొక్కదానికే. ఈ సంగతి ఏ పాఠంలోనైనా ఉండే ఉంటుంది, నేను వినే ఉంటాను. కానీ “చిటికెన వేలు ఆలస్యం” అని వరుసగా ఆరు రోజులు నా చేత్తో నేను రాసుకున్నాకే అది నా తలకెక్కింది. రెండు వారాల్లో శుభ్రమైన మార్పులు 15 నుంచి 27కి వచ్చాయి.

ఎఫ్ కార్డ్ రాకపోవడం గురించి

గిటార్ మానేసినవారిలో చాలామంది ఎఫ్ దగ్గర మానేశారు. చూపుడు వేలిని మొదటి ఫ్రెట్ మీద అడ్డంగా పరిచి ఆరు తీగలనూ నొక్కాలని పుస్తకాలు చెబుతాయి, కొత్తవాళ్లు ప్రాణం పెట్టి నొక్కుతారు, మణికట్టు నొప్పి పుడుతుంది, కార్డ్ మాత్రం మోగదు. ఇక్కడ నోటుపుస్తకం చాలా అక్కరకు వస్తుంది. “ఎఫ్ రాలేదు” అని రాయకుండా, కార్డ్ పట్టుకుని ఒక్కొక్క తీగనూ విడిగా మీటి, ఏది మోగిందో ఏది మోగలేదో రాయండి. అయిదో, నాలుగో, మూడో తీగలను మిగతా మూడు వేళ్లే నొక్కుతాయి కాబట్టి చూపుడు వేలు నిజంగా బాధ్యత వహించవలసింది ఆరో, రెండో, ఒకటో తీగలకు మాత్రమే. సాధారణంగా చెడేది రెండోదో ఒకటోదో అయి ఉంటుంది, వేలి గీతల దగ్గరి గుంటలోకి తీగ జారడమే దానికి కారణం. వేలిని కొద్దిగా పైకో కిందికో జరిపి, కాస్త పక్కకు ఒరిగిస్తే బలం పెంచకుండానే మోగుతుంది.

ఇంకొక పరీక్ష కూడా చేసి రాసుకోవాలి. అదే ఆకారాన్ని అయిదో ఫ్రెట్ మీద పట్టుకోండి, అది ఎ కార్డ్ అవుతుంది. అక్కడ శుభ్రంగా మోగి మొదటి ఫ్రెట్ దగ్గర మాత్రమే మోగకపోతే, లోపం మీ చేతిలో కన్నా గిటార్ నట్ (మెడ చివర తీగలు కూర్చునే గాడుల పట్టీ) దగ్గర తీగలు మరీ ఎత్తుగా ఉండడంలో ఉండే అవకాశం ఎక్కువ. తక్కువ ధర గిటార్లలో ఇది తరచుగా కనిపిస్తుంది, వాద్యాలు బాగుచేసేవారు నట్ గాడిని కొంచెం లోతు చేసి సరిచేస్తారు. నేను నాలుగు నెలలు నా వేలిని తిట్టుకున్నాను, తప్పు నట్‌ది. అయిదో ఫ్రెట్ ఫలితాన్ని పక్కన రాసుకుని ఉంటే మొదటి వారంలోనే తెలిసేది.

నొప్పిని కూడా రాసుకోవాలి. వేలి కొనలు మొదటి కొన్ని వారాలు మండుతాయి, చర్మం గట్టిపడ్డాక తగ్గుతాయి. మణికట్టులోనో ముంజేతిలోనో నొప్పి, వేళ్లలో తిమ్మిరి అలాంటివి కావు. అవి పుస్తకంలో రెండుసార్లు కనిపిస్తే సాధన ఆపి డాక్టరును కలవాలి.

లెక్క కదలనప్పుడు

రెండు మూడు నెలలు గడిచాక అంకెలు ఒకచోట కూర్చుండిపోతాయి. 27, 28, 26, 27. దీన్ని మొదటిసారి పరిశీలించి రాసినవారు సంగీత విద్వాంసులు కారు. బ్రయన్, హార్టర్ అనే అమెరికన్ పరిశోధకులు చుక్కలు, గీతల సంకేతాలైన మోర్స్ కోడ్ నేర్చుకుంటున్న టెలిగ్రాఫ్ ఉద్యోగుల వేగాన్ని వారం వారం కొలిచి 1897లో, 1899లో వ్యాసాలు ప్రచురించారు. సందేశాలను విని రాసుకోవడంలో వేగం కొంతకాలం పెరిగి, చాలా వారాల పాటు సమతలంగా ఉండి, మళ్లీ పైకి లేచింది. మొదట ఉద్యోగి అక్షరాలను వింటాడనీ, అవి అలవాటయ్యాక మాటలను వినడం మొదలుపెడతాడనీ, ఆ మార్పు లోపల జరుగుతున్నంత కాలం బయట వేగం కదలదనీ వారు వివరించారు. తరువాతి పరిశోధకులందరూ ఆ వివరణను ఒప్పుకోలేదు గాని, గిటార్ పట్టినవారికి అది పరిచయమైన సంగతే. మొదట మనం వేళ్లను చూస్తాం, తరువాత కార్డ్‌ను చూస్తాం, ఆ తరువాత జి–డి–ఇ మైనర్–సి అన్న వరుస మొత్తం ఒకే మాటలాగా చేతికి వస్తుంది.

అంకె కదలని వారాల్లో చేయవలసింది ఏమిటంటే, కొలతను మార్చకుండా చూపును మార్చడం. ఒక నెల క్రితపు రికార్డింగును తీసి, అదే అంకె ఉన్న ఇవాళ్టి రికార్డింగుతో కలిపి వినండి. వేగం అదే అయినా నాదం నిండుగా వచ్చిందేమో, కుడిచెయ్యి ఆగడం మానిందేమో, చూడకుండా వాయించగలుగుతున్నారేమో గమనించి ఆ వాక్యాన్ని రాయండి. మూడింటిలోనూ ఏ తేడా లేకపోతే అప్పుడు సాధన చేసే తీరును మార్చాలి. ఒకే జతను అరగంట రుద్దడం మాని మూడు జతలను కలగలిపి చేయడం నాకు పనిచేసింది.

గంటలు లెక్కపెట్టడం మీద నాకు నమ్మకం లేదు. యాప్‌లు వరుసగా ఎన్ని రోజులు వాయించారో చూపించి మెచ్చుకుంటాయి, అది హాజరుపట్టీ మాత్రమే. తరగతిలో కూర్చున్నంత మాత్రాన పాఠం వచ్చిందని ఏ మాష్టారూ మార్కులు వేయరు. బయటివారి కొలత కావాలనుకునేవారికి ట్రినిటీ, రాక్‌స్కూల్ లాంటి సంస్థల గ్రేడ్ పరీక్షలు మన దేశంలోనూ జరుగుతాయి, ఎనిమిదో గ్రేడ్ దాకా ఉంటాయి. పరీక్ష తేదీ ఉంటే తప్ప కదలనివారికి అవి మంచివే.

వారానికి ఒకసారి, మూడు నెలలకు ఒకసారి

ఆదివారం ఒక ఇరవై నిమిషాలు గిటార్ ముట్టుకోకుండా పుస్తకం తీసుకుని కూర్చోండి. ఏడు రోజుల రాతలను చదివి, మూడుసార్ల కన్నా ఎక్కువగా కనిపించిన మాట కింద గీత గీయండి. అది చిటికెన వేలు కావచ్చు, పదకొండో బార్ కావచ్చు, రెండో తీగ కావచ్చు. వచ్చే వారం ప్రతిరోజూ అప్పజెప్పడం అయ్యాక మొదటి పది నిమిషాలు దానికే. రెండు మాటలు పోటీపడితే ఒకదాన్ని నిర్దాక్షిణ్యంగా వాయిదా వేయాలి. రెండూ పెట్టుకున్న వారాల్లో నాకు రెండూ రాలేదు.

మూడు నెలలకు ఒకసారి మొట్టమొదటి రికార్డింగునూ నిన్నటి రికార్డింగునూ పక్కపక్కన వినాలి, వీలైతే మరొకరికి వినిపించాలి. ఏది పాతదో ఏది కొత్తదో వాళ్లకు చెప్పకూడదు. నేను మా అక్కకు వినిపించాను. ఆవిడకు గిటార్ గురించి ఏమీ తెలియదు, రేడియోలో పాటలు వింటూ వంట చేసే మనిషి. రెండూ విని, “రెండోది బాగానే ఉంది. మొదటిది ఏ పాటరా?” అంది. “అదీ ఇదే పాట అక్కా” అన్నాను. ఆవిడ నమ్మక మళ్లీ పెట్టించుకుని వింది, అప్పుడు కూడా పల్లవి దాటాకే గుర్తుపట్టింది. ఆ సాయంత్రం పుస్తకంలో అంకెలేవీ రాయలేదు, అక్క అడిగిన ప్రశ్నను తేదీ వేసి రాసుకున్నాను.

ఇక ఆ రికార్డింగులను దాచుకోవడం గురించి ఒక మాట. ఫైలు పేరును సంవత్సరం, నెల, రోజు వరుసలో అంకెలతో పెడితే ఫోన్ వాటిని కాలక్రమంలోనే చూపిస్తుంది, వెతుక్కోనక్కరలేదు. నెలకొకసారి వాటిని కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించి పెట్టండి, చెడ్డగా ఉన్నవాటిని ముందుగా ఎక్కించండి, ఎందుకంటే మన చేతులు చెరిపేయడానికి ఆరాటపడేది వాటినే. మా ఇంట్లో పెళ్లి జరిగినప్పుడు ఫోటోలకు చోటు చాలక, సిగ్గనిపించిన ఫైళ్లన్నిటినీ ఒకేసారి చెరిపేశాను. నా మొదటి ఆరు వారాల గిటార్ అలా పోయింది; అక్క విన్న మొదటి రికార్డింగు నిజానికి నా ఏడో వారానిది.